నమ్మి చూసినవాళ్లు

మోసాలు, మాట తప్పడాలు, చేతులెత్తేసే సర్కార్లు... అన్నీ కళ్లారా చూశారు. అయినా తోటి మనిషి మీద, తమ మీద పందెం కాశారు. దూబగుంట నుంచి కోలార్ గనుల దాకా అలాంటి కొందరి కథ ఇది.

"ఎవణ్నీ నమ్మే రోజులు కావండీ!"

టీ కొట్టు దగ్గర, రైలు పెట్టెలో, పెళ్లి భోజనాల బంతిలో, అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈ మాట వినపడని చోటు లేదు. ఫైలు కదలాలంటే చేయి తడపాలి. గెలిచిన నాయకుడు గెలిచిన పార్టీలోనే ఉంటాడన్న భరోసా లేదు. చిట్టీల ఆసామి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేస్తాడు. ఫోనెత్తితే 'డిజిటల్ అరెస్ట్' అంటూ బెదిరించే గొంతు. ఇన్ని చూశాక మనిషి తలుపు గడియ పెట్టుకుని కూర్చుంటే తప్పు పట్టేదెవరు?

అయితే మన అనుమానం ఎంతవరకు నిజమో కొందరు పరిశోధకులు పరీక్ష పెట్టి చూశారు. 40 దేశాలు, 355 నగరాలు, 17 వేలకు పైగా పర్సులు. బ్యాంకు, హోటల్, సినిమా హాలు, పోస్టాఫీసు, పోలీస్ స్టేషన్... ఇలాంటి చోట్లకు ఓ మనిషి వెళ్తాడు. రోడ్డు మీద ఈ పర్సు దొరికిందనీ, తనకు తొందర పని ఉందనీ చెప్పి, కౌంటర్లో ఉన్నవారి చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. పర్సు పారదర్శకం. సొంతదారు పేరూ ఈమెయిలూ ఉన్న కార్డులు, సరుకుల చీటీ, ఓ తాళంచెవి బయటికే కనిపిస్తాయి. కొన్నింటిలో డబ్బుంది, కొన్నింటిలో లేదు. మన దేశంలోనూ ఈ పరీక్ష జరిగింది.

డబ్బున్న పర్సు తిరిగి రాదని ఎవరైనా అనుకుంటారు. మామూలు జనాన్ని అడిగితే అదే చెప్పారు. ఆర్థికవేత్తల అంచనా కూడా తప్పింది. 2019లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. డబ్బు లేని పర్సుల్లో 40 శాతం విషయంలో సొంతదారుకు కబురు అందితే, డబ్బున్నవాటిలో 51 శాతం విషయంలో అందింది. అమెరికా, బ్రిటన్, పోలండ్‌లలో ఇంకాస్త పెద్ద మొత్తం పెట్టి చూస్తే ఆ లెక్క 72 శాతానికి చేరింది. పోగొట్టుకున్నవాడి బాధ గుర్తుకు రావడం ఒక కారణం, 'దొంగ' అని తనకు తానే అనుకోవాల్సి రావడం ఇంకో కారణం అని పరిశోధకులు తేల్చారు.

లోకమంతా సత్యహరిశ్చంద్రులేనని దీనర్థం కాదు. దేశానికీ దేశానికీ తేడా చాలా ఉంది, కబురు అందని పర్సులూ వేలల్లో ఉన్నాయి. కాకపోతే డబ్బు కనిపిస్తే తోటివాళ్లు దాచేసుకుంటారన్న మన అంచనా మాత్రం నిలవలేదు.

పర్సు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయేది. కట్టుకున్నవాణ్ని, ఊరిని, సర్కారును ఏళ్ల తరబడి దగ్గర నుంచి చూసి విసిగిపోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లకు మళ్లీ నమ్మకం ఎక్కడి నుంచి రావాలి?

దూబగుంట రాత్రి బడి

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉంది దూబగుంట. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్లు లోకాన్ని నమ్మడానికి కారణమంటూ ఏమీ లేదు. మగవాడి కూలి డబ్బు సాయంత్రానికి సారా కొట్టుకు చేరేది. అది చాలక ఆడమనిషి కూలి డబ్బూ లాక్కునేవాడు. ఇవ్వనంటే దెబ్బలు. చెప్పుకుందామంటే ఎవరికి? కొట్టు నడిపేది కాంట్రాక్టరు. అతనికి హక్కు వేలంలో ఇచ్చేది సర్కారు. 1980ల్లో వచ్చిన 'వారుణి వాహిని' పథకంతో సారా ప్యాకెట్లలోకి మారి, తాగే నీళ్లు సరిగా లేని ఊళ్లకు కూడా చేరింది. ఖజానాకు అదో పెద్ద రాబడి. మొగుడు, కాంట్రాక్టరు, పోలీసు, ప్రభుత్వం... అందరూ అవతలి ఒడ్డునే ఉన్నారు.

అప్పుడే జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం ఊపందుకుంది. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు ఊరూరా తిరిగారు. పగలు పనికి పోయే ఆడవాళ్లు రాత్రి బడికి రావడం మొదలుపెట్టారు. వాచకంలో సీతమ్మ అనే ఆమె కథ ఉంది, తాగుడుకు బలైపోయిన సంసారం కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదువుతుంటే ఎవరికి వాళ్లకు తమ ఇల్లే కనిపించింది. అంతకుముందు 'నా రాత ఇంతే' అనుకున్నది, పదిమంది ఒక చోట కూర్చుని పైకి చదివాక 'మనందరి రాతా ఇలాగే ఎందుకుంది?' అనే ప్రశ్నగా మారింది.

ఆ బడిలో వచ్చిన మార్పు ఇదే. ఎవరికి వారే పడుతున్న బాధ పక్కవాళ్లదీ అని తెలియడం.

వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలబడ్డారు. దూబగుంట ఆడవాళ్లు కలిసికట్టుగా వెళ్లి సారా కొట్టు మూయించారు. వాళ్ల కథ 'ఆడవాళ్లు ఏకమైతే' పేరుతో తర్వాతి వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన పక్క ఊళ్లవాళ్లు, వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేమనుకున్నారు. 1992లో ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా కొట్ల మీదికి నడిచారు. 'ఈనాడు' పత్రిక 'సారాపై సమరం' పేరుతో రోజూ ఈ వార్తలు ఇచ్చింది. నెల్లూరులో సారా వేలం పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది.

1997లో దాన్ని ఎత్తేశారు. ఖజానాకు నష్టమన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. రోడ్డెక్కి తెచ్చుకున్నది రెండేళ్లు దాటగానే చేజారింది. 'ఎంత చేసినా ఇంతేగా' అనుకోవడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఈ ఉద్యమం గురించి రాసినవాళ్లలో కొందరు ఇక్కడే ఆగి నిట్టూర్చారు.

కానీ నెల్లూరు ఊళ్లలో అప్పటికే ఇంకో పని మొదలైంది.

రోజుకో రూపాయి

సారా కొట్టు మూతపడ్డాక చేతిలో నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. ఆ డబ్బును ఏం చేయాలి? రోజుకో రూపాయి దాచుకుందామన్నారు. అలా 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టాయి. ఒక సంఘంలో పదీ పదిహేను మంది. నెలనెలా సమావేశం. ఎవరెంత కట్టారు, ఎవరికెంత అప్పిచ్చారు, ఎంత తిరిగి వచ్చింది... అంతా పుస్తకంలో రాసి అందరి ముందూ చదవాలి. ఆలస్యంగా వస్తే జరిమానా.

ఈ సంఘాల్లో చేరినవాళ్లు ఒకరినొకరు గుడ్డిగా నమ్మినవాళ్లు కారు. చేబదులు తీసుకుని ఎగ్గొట్టే పక్కింటావిడా, గొడవపడి మాటలు మానేసిన తోటికోడలూ ఆ సంఘంలోనే ఉంటారు. అందుకే పుస్తకం పెట్టుకున్నారు, అందుకే పైకి చదువుకున్నారు. లెక్క తేలిన ప్రతి నెలా నమ్మకం కాస్త పెరిగింది.

అదే 1992లో నాబార్డు దేశమంతటా 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేపట్టింది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివాళ్లకు, సంఘం పరపతిని చూసి బ్యాంకు అప్పు ఇవ్వడం అందులోని కీలకం. నెల్లూరు బాటలో ఉమ్మడి రాష్ట్రం ఆ ప్రయోగాన్ని అందరికంటే ముందుకు తీసుకెళ్లింది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ 'సెర్ప్' ఏర్పడింది. 'వెలుగు', ఆ తర్వాత 'ఇందిరా క్రాంతి పథం' పేర్లతో సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా ఎదిగాయి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఈ సంఘాలు లక్షల్లో ఉన్నాయి. నిషేధం ఎత్తివేత వాటిని కదిలించలేదు.

ఈ కథలో చేదు కూడా ఉంది. ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ పడితే అప్పు మొండిబాకీ కాదన్న రహస్యాన్ని ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు కనిపెట్టాయి. ఎక్కువ వడ్డీ, వారంవారం వసూళ్లు, ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీల అప్పులు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లంతా కట్టాలి. దాంతో వసూలు చేసేవాడి ఒత్తిడి పక్కింటివాళ్ల నోటి నుంచే రావడం మొదలైంది. ఊళ్లలో ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీలకు ముకుతాడు వేసింది.

రెండు చోట్లా ఉన్నది పదిమంది ఆడవాళ్ల సంఘమే. ఒకచోట డబ్బూ నిర్ణయమూ పుస్తకమూ వాళ్లవే. ఇంకోచోట వాళ్ల మధ్య ఉన్న నమ్మకాన్ని బయటివాడు పూచీకత్తుగా వాడుకున్నాడు. నమ్మకం మంచిదా చెడ్డదా అన్న వాదన కంటే, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నది పెద్ద ప్రశ్న అయింది.

కాలువ చివరి ఊళ్లు

అసలు మనుషులు ఒకరినొకరు నమ్మి కలిసి పనిచేసేదెప్పుడు? దీనికి కర్నూలు జిల్లా పొలాల్లో దొరికిన జవాబు ప్రపంచమంతా తిరిగింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లను దగ్గరగా చూసి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం రాశాడు. రాయలసీమ అనగానే కక్షలూ ముఠాలూ గుర్తొస్తాయి. ఆయన చూసింది వేరే బొమ్మ. కొన్ని ఊళ్లలో రైతులే కూడి పెద్దమనుషుల కమిటీ వేసుకున్నారు. నీళ్లు పంచడానికి నీరుగంట్లను, పైర్లు కాయడానికి కాపలాదార్లను పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును కాపరులకు అమ్మి, ఆ డబ్బుతో ఊరి నిధి నడిపారు. ఇందులో ఏదీ సర్కారు చెప్పి చేయించింది కాదు.

పక్కపక్క ఊళ్లే అయినా కొన్నింటిలో ఈ ఏర్పాటు ఉంది, కొన్నింటిలో లేదు. ఉన్న ఊళ్లు చాలావరకు కాలువ చివర్లో ఉన్నవి. ఎగువ ఊళ్లకు నీళ్లకు కొదవ లేదు. దిగువకు వచ్చేసరికి వస్తాయో రావో తెలియదు. వచ్చిన కాసిని నీళ్ల కోసం కొట్టుకుంటే అందరి పంటా ఎండుతుంది. అక్కడివాళ్లు ఎగువవాళ్ల కంటే మంచివాళ్లేమీ కారు, విడివిడిగా ఉంటే అందరూ మునిగిపోతారని తెలిసినవాళ్లు.

ఉమ్మడి వనరులను జనం తమంతట తాము కాపాడుకోగలరని నిరూపించినందుకు 2009లో ఎలినార్ ఆస్ట్రామ్‌కు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమె. మనుషుల్ని వాళ్ల మానాన వదిలితే ఉమ్మడి సొత్తును నాశనం చేస్తారన్న పాత సిద్ధాంతానికి ఆమె జవాబు చెప్పారు. ఆ జవాబుకు సాక్ష్యాలు నేపాల్, స్విట్జర్లాండ్, జపాన్ వంటి దేశాల ఊళ్ల నుంచి వచ్చాయి. వేడ్ చూసిన కర్నూలు ఊళ్లు కూడా ఆ చర్చలో తరచూ వినిపించే ఉదాహరణ.

దూబగుంటను ఈ వెలుగులో చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఆ ఆడవాళ్లు నమ్మకం కుదిరాక పని మొదలుపెట్టలేదు. వేరే దారి లేక పనిలోకి దిగారు, దిగాక పక్కనున్న మనిషి ఎలాంటిదో తెలిసింది, తానెలాంటిదో కూడా తెలిసింది. దూరం నుంచి చూస్తున్నంతసేపూ సమాజం అంటే వార్తల్లో వచ్చే నేరాలు, కుంభకోణాలు. చెయ్యి కలిపాక పేర్లూ ముఖాలూ ఉన్న నలుగురు మనుషులు.

'చదివిస్తే తిండెవరు పెడతారు?'

తోటివాళ్ల మీద మనం వేసే కొన్ని అపనిందలు అపనిందల్లా కనిపించవు, లోకజ్ఞానంలా కనిపిస్తాయి. 'పేదవాళ్లు పిల్లల్ని బడికి పంపరు, పనికే పంపుతారు' అన్నది అలాంటిదే. 1990ల్లో అధికారులు, మేధావులు, చివరికి పేదల పక్షాన మాట్లాడేవాళ్లు కూడా దీన్ని కాదనలేదు. పేదరికం పోతే గానీ బాల కార్మికులు పోరనేవారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే శాంతా సిన్హాకు ఈ మాట నమ్మబుద్ధి కాలేదు. 1980ల్లో వెట్టిచాకిరీ చేసేవాళ్ల మధ్య పనిచేస్తున్నప్పుడు ఆమె అక్కడ చాలామంది పిల్లల్ని చూశారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో స్థాపించిన ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో పిల్లల పనికి దిగింది. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడారు. తేలింది ఏమిటంటే, తమ పిల్లలు చదువుకోవాలని ఆ తల్లిదండ్రులకు గట్టిగా ఉంది. పదేళ్ల పిల్లవాణ్ని ఒకటో తరగతిలో ఎలా కూర్చోబెట్టాలి? సర్టిఫికెట్లు ఎక్కడ తేవాలి? పంతులు తిడితే ఎవరికి చెప్పాలి? వాళ్లకు అడ్డుపడ్డవి ఇవి.

అందుకే ఫౌండేషన్ బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టింది. పశువుల వెంట, పొలాల్లో, ఇళ్లలో పనిచేసిన పిల్లలు అక్కడ కొన్ని నెలలు ఉండి, తమ ఈడుకు తగిన తరగతిలోకి వెళ్లారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే అన్న నియమంలో సడలింపు లేదు. ప్రభుత్వ టీచర్లు 'బాలకార్మిక విమోచన వేదిక'గా ఏర్పడి చేయి కలిపారు. పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాముల్నీ శత్రువులుగా చూడకుండా కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్లలో కొందరు తర్వాత బడికే సాయపడ్డారు. లక్షల మంది పిల్లలు ఈ దారిన బడికి చేరారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు.

ఇక్కడ తల్లిదండ్రులు కొత్తగా మారిందేమీ లేదు. వాళ్ల గురించి బయటివాళ్లు పెట్టుకున్న అపనమ్మకమే వీగిపోయింది.

తన మీద తనకు

తోటివాణ్ని నమ్మడం ఒక ఎత్తు. నీకు విలువ లేదని పుట్టినప్పటి నుంచీ ఊరు ఊరంతా చెబుతుంటే తనను తాను నమ్ముకోవడం ఇంకో ఎత్తు.

బెజవాడ విల్సన్ 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో, తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టారు. భూమి లోపలి నుంచి బంగారం తీసే ఆ పట్నంలో మరుగుదొడ్లలోని మలాన్ని మనుషుల చేత ఎత్తిపోయించేవారు. తండ్రి చేసింది ఆ పనే. ఇంట్లో ఆ సంగతి పిల్లవాడికి తెలియనివ్వలేదు. బడిలో తోటి పిల్లల వెక్కిరింతలతో తెలిసింది. పెద్దయ్యాక ఆ పని జరిగే చోటికి వెళ్లి కళ్లారా చూసినప్పుడు ఇక బతకాలనిపించలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆపేయండని తనవాళ్లను బతిమాలితే 'మానేస్తే తినేదేంటి?' అన్నారు. అటు గనుల యాజమాన్యం అలాంటి మరుగుదొడ్లే లేవంది. తనవాళ్లూ వినలేదు, పైవాళ్లూ వినలేదు.

ఆయన ఉత్తరాలు రాయడం, ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. లేవన్నవాటిని ఉన్నాయని చూపించారు. 1990ల మధ్యలో మొదలైన పారిశుధ్య కార్మికుల ఉద్యమం 'సఫాయి కర్మచారి ఆందోళన్' కూడా అదే దారి పట్టింది. ఏ పని చేసి సిగ్గుతో తలదించుకున్నారో, ఆ పని చేసినవాళ్లే సర్వే చేశారు, సాక్ష్యాలు కూడబెట్టారు, ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో ఆ దొడ్లను పలుగులతో కూలగొట్టారు. 1993లోనే నిషేధ చట్టం వచ్చినా, తమ దగ్గర ఆ సమస్యే లేదని రాష్ట్రాలు చెబుతూ వచ్చాయి. 2003లో ఆందోళన్ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఒక్కో రాష్ట్రం కాదన్నప్పుడల్లా కోర్టు ముందు ఫొటోలు, పేర్లు, చిరునామాలు పెట్టింది.

విల్సన్‌కు తోడు నిలిచినవారిలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. ఐఏఎస్ అధికారిగా దళిత పిల్లల గురుకుల పాఠశాలలకు, వెట్టి విముక్తికి పాటుపడ్డ మనిషి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయనను, మరికొందరు అధికారులను బందీలుగా పట్టుకున్నారు. అది జరిగిన పదేళ్లకు, 1997లో, ఆయనే పౌరస్పందన వేదికకు నాయకత్వం వహించి అటు ప్రభుత్వంతో, ఇటు నక్సలైట్లతో మాట్లాడడం మొదలుపెట్టారు. 2004లో రెండు పక్షాలూ హైదరాబాద్‌లో ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. ఆ చర్చలు నిలవలేదు, మళ్లీ తుపాకులే మాట్లాడాయి. శంకరన్ మాత్రం సఫాయి కార్మికుల పనిలో చివరి దాకా ఉన్నారు. 2010లో కన్నుమూశారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి.

ఆయన పోయాక 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2016లో విల్సన్‌కు మెగసెసే వచ్చింది. 2023 అక్టోబరు 20న కోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

అయినా మ్యాన్‌హోళ్లలో చావులు ఆగలేదు. అందుకే ఆ 30 లక్షల తీర్పు రాకముందే, 2022 మే నెలలో సఫాయి కర్మచారి ఆందోళన్ 'మమ్మల్ని చంపడం ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చి, ఒక్కో రోజు ఒక్కో చోట ప్లకార్డులు పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. కోర్టులూ చట్టాలూ వాళ్లు చూసేశారు, వాటికున్న హద్దులూ చూశారు. ఈసారి వాళ్లు మాట్లాడింది దారిన పోయే జనంతో. తమ ఇంటి మురుగు ఎటు పోతోందో, దాన్ని తీయడానికి యంత్రం వస్తోందో మనిషి దిగుతున్నాడో ఆ జనంలో కొందరైనా కనుక్కుంటారన్న లెక్క మీదే ఆ కార్యక్రమమంతా నడిచింది.